తోళ్ల ఫ్యాక్టరీ నీళ్లు: కలపకముందే చేయాల్సిన పని

(నల్లగొండలో తోళ్ల పనివాళ్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన పల్లెల్లో తోళ్లు ఊనే (పచ్చితోలును పాడవకుండా పదునుచేసే) లంద తెలియనివాళ్లు లేరు. తంగేడు చెక్కతో ఊనినన్నాళ్లు క్రోమియం గొడవ లేదు. ఉప్పు, సున్నం మాత్రం అప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు ఫ్యాక్టరీలో పచ్చితోలు కిలోకు 30 నుంచి 40 లీటర్ల నీళ్లు ఖర్చవుతున్నాయి. ఒక్కో దశలో వచ్చే నీళ్లన్నిటినీ ఒకే కాల్వలో వదిలితే, తర్వాత ఎంత పెద్ద ప్లాంటు కట్టినా దండగే.

ముందు సున్నం నీళ్లు. వెంట్రుకలు ఊడదీయడానికి వేసిన సోడియం సల్ఫైడు వీటిలోనే ఉంటుంది. పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) 10కి పైన ఉన్నంతసేపు భయం లేదు. పికిల్ నీళ్లో (క్రోమ్‌కు ముందు తోలును ఆమ్లం, ఉప్పులో నానబెట్టినవి), క్రోమ్ నీళ్లో (క్రోమియం లవణంతో తోలు ఊనినవి) వచ్చి కలిశాయా, వాటి ఆమ్లానికి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు లేస్తుంది. వాసన వస్తే తప్పుకుందాం అనుకోకండి. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. సంపులో పడ్డవాణ్ని తీయబోయినవాడూ పడిపోతాడు. అందుకే వీటిని వేరే తొట్టిలో పట్టి, కొద్దిగా మాంగనీస్ సల్ఫేట్ వేసి, గంటల తరబడి గాలి కొట్టాలి. సల్ఫైడు పోయిందని పరీక్షలో తేలాకే మిగతా నీళ్లలో కలపాలి.

ఇక క్రోమ్ నీళ్లు. వేసిన క్రోమ్‌లో తోలు పట్టుకునేది మామూలుగా 60, 70 శాతమే. మిగిలింది మీ పైసలే. కొవ్వు, పీచు పోయేలా జల్లెడ పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ వేసి కలుపుతూ పీహెచ్ 8 దాటించండి. అది నెమ్మదిగా కరుగుతుంది. ఇంకా పెరగలేదని గుమ్మరించకుండా, కాసేపు ఆగి మళ్లీ కొలవండి. రాత్రంతా కదపకపోతే ఆకుపచ్చ మడ్డి అడుగున గట్టిగా కూర్చుంటుంది. పైనీళ్లు తీసేసి, మడ్డిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి పీహెచ్ 2.8 దగ్గరికి దించితే మళ్లీ వాడుకునే క్రోమే. చవకని సున్నం వేస్తే జిప్సం కలిసి మడ్డి పాడవుతుంది. కాస్టిక్ సోడా వేస్తే జావలా తేలాడుతుంది. ఈ మడ్డిని కాల్చడం మాత్రం వద్దు, అందులోంచి ఆరు వేలెన్సీ క్రోమియం పుడుతుంది. అది విషం.

ఆ తర్వాత పటిక, గాలి తొట్టి, బ్యాక్టీరియా మామూలే. బయటికి పోయే నీళ్లలో లీటరుకు మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు, సల్ఫైడు 2 దాటకూడదు.

పచ్చితోలు కుళ్లకుండా చల్లిన ఉప్పే అసలు చిక్కు. పటిక దించలేదు, బ్యాక్టీరియా తినదు, ఆర్‌ఓ పెడితే కరెంటు బిల్లు మోయలేం. మన బోర్లకు నీళ్లు రాతి పగుళ్లలోంచే వస్తాయి, భూమిలోకి దిగిన ఉప్పు వాటిలోకే చేరుతుంది. ఫ్లోరైడు బాధ ముందే ఉంది. నానబెట్టకముందే తోలును దులిపి, రాలిన ఉప్పు పక్కకు తీయండి. మొదటి నానుడు నీళ్లను మళ్లలో ఎండబెట్టండి. మడి అడుగున మందపాటి షీటు ఉండాలి, ఎండిన ఉప్పును వానకు ముందే ఎత్తేయాలి.