మూడేళ్లయినా ముగియని శిక్షణ

వ్యాఖ్యాత: నమస్కారం. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న యువతకు పని నేర్పి, ఉద్యోగాల్లో కుదిర్చే టీచర్ ఒకరు ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ఇందాక మీ సంచిలోంచి ఒక అట్టముక్క తీసి చూపించారు. దాని సంగతి చెప్పండి.

టీచర్: ఇది మామూలు అట్టేనండీ. స్కెచ్ పెన్నుతో 12 సున్నాలు గీశాను. మా దగ్గర నేర్చుకున్న 26 ఏళ్ల అబ్బాయి ఒక బేకరీలో ప్యాకింగ్ పనికి చేరాడు. పెట్టెకు 12 బన్నులు సర్దాలి. ఏడో ఎనిమిదో దాటాక అతనికి లెక్క తప్పేది. రెండో రోజే సూపర్‌వైజర్ ఫోను చేసి, ‘మీవాడికి లెక్క రాదమ్మా, తీసుకెళ్లిపోండి’ అన్నారు. నేను వెళ్లి ఇలాంటి అట్ట ఒకటి ఇచ్చాను. ఒక్కో సున్నాలో ఒక్కో బన్ను పెడతాడు. ఖాళీ సున్నా కనిపించకపోతే అన్నీ పెట్టెలోకి సర్దేస్తాడు. మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు.

వ్యాఖ్యాత: అంటే అట్టముక్కతో ఉద్యోగం నిలిచింది.

టీచర్: నిలిచింది. ఇది నేను చేసిన ఉపకారమేమీ కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 దీన్ని సహేతుకమైన సర్దుబాటు అంటుంది. యజమాని మీద మోయలేని భారం పడనంతవరకు ఇలాంటి మార్పు చేయాలి, నిరాకరిస్తే అది వివక్షే. చక్రాల కుర్చీకి ర్యాంపు కావాలంటే ఎవరికైనా అర్థమవుతుంది. మా పిల్లలకు కావలసినవి కంటికి ఆనవు. ఒకసారికి ఒకే పని చెప్పడం, షిఫ్టు మారుతుంటే ముందురోజే చెప్పడం, పని వరుసను బొమ్మలుగా గోడకు అంటించడం... ‘పిల్లలు’ అన్నాను చూడండి. మానుకోవాలని ఎంత ప్రయత్నించినా నోటికి అదే వస్తోంది. అతనికి 26 ఏళ్లు. పిల్లలు అనుకున్నంతకాలం జీతం బదులు చేతి ఖర్చులకు ఇచ్చి పంపిస్తారు.

వ్యాఖ్యాత: ఆ బేకరీలో అలాగే జరిగిందా?

టీచర్: జరిగింది. శిక్షణ అని స్టైపెండ్ మొదలుపెట్టారు. ఆరు నెలలు నేనూ ఊరుకున్నాను. ఏడాది గడిచింది, రెండేళ్లు, మూడేళ్లు గడిచాయి. అతని తర్వాత చేరినవాళ్లకు పని చూపించేది అతనే, కానీ రిజిస్టరులో ఇంకా ‘శిక్షణార్థి’. అడిగితే, ‘అసలు పని ఇవ్వడమే గొప్ప కదమ్మా’ అన్నారు. నాకు ఒళ్లు మండింది. వైకల్యం ఉన్న కార్మికులకు కనీస వేతనం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రభుత్వానికే ఇచ్చింది. తన ఇష్టప్రకారం తగ్గించుకునే అధికారం యజమానికి ఏనాడూ లేదు. ఇదంతా కాగితం మీద రాసి ఇచ్చాం. రెండు నెలలు తిరిగాక పూర్తి జీతం మొదలైంది. పాత బకాయి మాత్రం రాలేదు. ఆ కోపం నాకింకా ఉంది.

వ్యాఖ్యాత: జీతం అతని ఖాతాలోనే పడుతోందా?

టీచర్: మొదట అన్నయ్య ఖాతాలో పడేది. ఇంట్లోవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు, భయం. వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం తన డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు అతనికి అందరితో సమానంగా ఉంది. సహాయం అవసరమైతే కూడా అతనితో కలిసి నిర్ణయం తీసుకోవాలని 14వ సెక్షన్ చెబుతుంది. ఇప్పుడు ఖాతా అతని పేరునే ఉంది. ఏటీఎం దగ్గర అన్నయ్య పక్కన నిలబడతాడు, మీటలు నొక్కేది అతనే.

వ్యాఖ్యాత: ప్రభుత్వ ఉద్యోగాల మాటేమిటి?

టీచర్: 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉద్యోగాల రిజర్వేషన్ 3 శాతం ఉండేది. అందులో మేధో వైకల్యానికి వాటాయే లేదు. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, చదువు-రాతల్లో ఇబ్బంది పెట్టే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు, వీటన్నిటికీ కలిపి. వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు కాబట్టి ఆ శాతాన్ని ధ్రువీకరించే వైకల్య సర్టిఫికెట్ తప్పనిసరి.

వ్యాఖ్యాత: ప్రైవేటులో అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?

టీచర్: రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. విచారణలో ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలు కొన్ని ఉంటాయి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి, ఈ వ్యవహారాలు చూసేందుకు ఒక లైజన్ ఆఫీసర్‌ను నియమించాలి. వెళ్లి ఆ ఆఫీసర్ ఎవరని అడగండి. ఆ ప్రశ్న విన్నాక మాట్లాడే తీరు మారడం నేను కళ్లారా చూశాను.

వ్యాఖ్యాత: వింటున్న అమ్మానాన్నల్లో, రేపే బిడ్డను పనిలో చేర్చబోతున్నవారు ఉంటే?

టీచర్: నియామక పత్రం అడగండి. అందులో శిక్షణ అని ఉంటే ఎన్ని నెలలో, ఆ తర్వాత జీతమెంతో అంకెల్లో రాయించండి. సంతకం మీ అబ్బాయితోనో అమ్మాయితోనో చేయించండి. రాయడం రాకపోతే వేలిముద్ర వేయించండి. ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి.