తెలుగు మీదుగా స్పానిష్

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీ మొదటి సంవత్సరం సెలవులకు కోనసీమలో మా ఊరు వచ్చినప్పుడు, రేవు దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగారు. "ఏదో కొత్త భాష చదువుతున్నావట కదమ్మా, మన పులసను ఆ భాషలో ఏమంటారు?" పులసకు అక్కడ ఏ పేరుందో నాకు తెలియదు. కానీ అంతకు వారం ముందే నేర్చుకున్న సంగతి ఒకటి చెప్పాను. "నీళ్లలో ఈదుతున్నంతసేపూ చేపను పెస్ అంటారు తాతగారూ. వలలో పడి ఒడ్డుకు వచ్చాక అదే చేప పెస్కాదో అవుతుంది. పట్టినది అని దాని అర్థం." ఆయన చేతిలోని సూది పక్కన పెట్టి, "అయితే వాళ్లకూ ఏరు తెలుసు" అన్నారు.

ఆ తర్వాత స్పానిష్‌లో పట్టా పుచ్చుకున్నాను, కొన్నాళ్లు పాఠాలు చెప్పాను, ఇప్పుడు అనువాదమే నా వృత్తి. ఇన్నేళ్ల పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. తెలుగు పిల్లలు స్పానిష్ నేర్చుకోవడానికి ఇంగ్లీషు చుట్టూ తిరిగి వెళ్లనవసరం లేదు. తెలుగు నుంచి నేరుగా బాట ఉంది. దాని మీద నడిచేవారు తక్కువ కాబట్టి గడ్డి మొలిచింది, అంతే.

స్పానిష్ ఇరవై దేశాల్లో అధికార భాష. దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో ఒకటి. ఈ లెక్కలు ఎవరైనా చెబుతారు. గోదావరి డెల్టా వాళ్లం చూసుకోవలసిన లెక్క వేరే ఉంది. దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఈక్వడార్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ గ్వాయాస్ నది ఒడ్డున గ్వయకీల్ అనే రేవు పట్నం. ఆ నది పరీవాహక ప్రాంతంలో వరి, అరటి, కోకో. తీరం వెంట రొయ్యల చెరువులు. రావులపాలెం అరటి రైతును, కొబ్బరి తోటలో కోకో వేసిన రైతును, భీమవరం రొయ్యల రైతును అక్కడ దింపితే, పనిముట్లు అడిగి పుచ్చుకుని ఆ పూటే పనిలోకి దిగగలరు. అరటి ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం ఈక్వడార్‌ది. ఇటీవలి సంవత్సరాల్లో రొయ్యల ఎగుమతిలోనూ ముందున్నది ఆ దేశమే, దాని వెనుకే మన దేశం. మనం వెనామీ అని పిలిచే రొయ్యకు పుట్టిల్లు మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా సాగే పసిఫిక్ తీరం. మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి దాన్ని పెంచుతున్న రైతుల అనుభవమంతా స్పానిష్‌లో ఉంది.

మాటలు రొయ్యకంటే ముందే వచ్చాయి. మెక్సికోలోని నావాత్ల్ భాషలో త్సాపోత్ల్ అన్న పండు స్పానిష్ నోట సాపోతె అయి, మన పెరట్లో సపోటా అయింది. తోమాత్ల్ అక్కడ తోమాతె, ఇక్కడ టమాటా.

ఇక ఉచ్చారణ సంగతి. ఇక్కడ కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. స్పానిష్‌లో అచ్చులు ఐదే. అ, ఎ, ఇ, ఒ, ఉ. అవి ఎక్కడా రంగు మారవు. పదాల్లో చాలా భాగం అచ్చుతో ముగుస్తాయి. త, ద పలికేటప్పుడు నాలుక పళ్లను తాకుతుంది, అచ్చంగా మన త, ద లాగే. క, ప, తలు ఒత్తు లేకుండా పలుకుతాయి. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఇవన్నీ కష్టపడి నేర్చుకోవలసిన విషయాలు. మనకు పుట్టుకతో ఉన్నవి. కానీ రోమన్ లిపిలో అక్షరం కనిపించగానే మనవాళ్లు ఇంగ్లీషు బడిలో నేర్చిన ట, డ అందుకుంటారు. తోరో అనవలసిన ఆంబోతును టోరో అంటారు. నేను పాఠం చెప్పిన రోజుల్లో మొదటి రెండు వారాలు స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాయించేదాన్ని. అ నుంచి హ దాకా మన అక్షరాలు ఉన్నది నోటి లెక్క ప్రకారం కదా. ఆ లెక్క తెలిసిన పిల్లలు రెండో రోజుకే చక్కగా చదివేవారు. పంచ, అంజలి అన్న మాటల్లో సున్న చాటున దాగి ఉండే మన ఞ స్పానిష్‌లో బయటికి వచ్చి నిలబడుతుంది. వాళ్ల దేశం పేరులోనే ఉంది, ఎస్పాఞా అని.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది బండి ఱ. మన పాత పుస్తకాల్లో ర రెండు రకాలు. మామూలు ర ఒకటి, గుఱ్ఱం, కఱ్ఱ అన్న మాటల్లో వేసే బండి ఱ ఒకటి. అచ్చులో దాన్ని వదిలేశాం కానీ గుర్రం అన్నప్పుడు నాలుక ఇప్పటికీ గిర్రున తిరుగుతుంది. స్పానిష్‌లో ఈ తేడా ఇంకా బతికే ఉంది. పెరో అంటే కానీ. పెఱ్ఱో అంటే కుక్క. కారో అంటే ఖరీదైనది, కాఱ్ఱో అంటే లాటిన్ అమెరికాలో కారు. ఈ ఱ కోసం ఇతర దేశాల విద్యార్థులు నెలల తరబడి సాధన చేస్తారు.

వ్యాకరణానికి వస్తే, నేను చదివిన చోట మొదటి సెమిస్టరులో మమ్మల్ని ఏడిపించిన పాఠం, ఇష్టాన్ని చెప్పే మె గుస్తా. ఇంగ్లీషులో ఇష్టపడేది మనిషి. నేను కర్త, చేప కర్మ. స్పానిష్‌లో తిరగబడిందని, వింత నిర్మాణమని, గుర్తుపెట్టుకోండని చెప్పారు. నెల రోజులు తప్పులు రాశాం. ఒక రాత్రి హాస్టల్లో ఆ వాక్యాల పక్కన తెలుగు రాసుకుంటూ ఆగిపోయాను. నాకు పులస నచ్చింది. నాకు మామిడిపళ్లు నచ్చాయి. నచ్చే వస్తువు ఒకటైతే క్రియ ఏకవచనం, ఎక్కువైతే బహువచనం, మనిషి పక్కన నాకు. మె గుస్తో, మె గుస్తారోన్. మాటకు మాట, విభక్తికి విభక్తి. తలనొప్పి కూడా అంతే. వాళ్లకూ తల నొప్పి పెట్టేది నాకే, నేను తలను నొప్పించను. ఆ రాత్రి నుంచి నా నోటుపుస్తకంలో ఇంగ్లీషు వరుస తీసేశాను.

తర్వాత ఒక్కొక్కటే దొరికాయి. వస్తాను అంటే చాలు, నేను అక్కర్లేదు. స్పానిష్‌లోనూ ఎవరన్నది క్రియ చివరే చెబుతుంది. నువ్వు, మీరు అన్న తేడాకు తూ, ఉస్తెద్ ఉన్నాయి. ఉస్తెద్ ఒకప్పటి వుయెస్త్రా మెర్సెద్, అంటే తమరి దయ అన్న మాట నుంచి అరిగి వచ్చింది. మన తమరు గుర్తొస్తుంది. ఇంగ్లీషులో ఈజ్, ఆర్ అంటూ వాడే ఒకే క్రియకు స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అని రెండున్నాయి. మా తమ్ముడు డాక్టరు అన్నప్పుడు మనం క్రియ వాడం, అక్కడ సెర్ వస్తుంది. మా తమ్ముడు అమలాపురంలో ఉన్నాడు, అలసిపోయి ఉన్నాడు అన్నప్పుడు ఉండు వాడతాం, అక్కడ ఎస్తార్ వస్తుంది. అన్నిచోట్లా ఇది నిలవదు. ఇల్లు పెద్దదిగా ఉంది అని మనమంటే, వాళ్లు సెర్ వాడతారు. అయినా మొదటి మెట్టు ఎక్కడానికి ఈ చేయూత సరిపోతుంది.

తెలుగు సాయం చేయని చోట్లూ ఉన్నాయి, దాచను. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. చెయ్యి చూడడానికి పుంలింగంలా ఉండి స్త్రీలింగం, లా మానో. ప్రతి నామవాచకాన్నీ ముందున్న ఎల్ (పుంలింగానికి), లా (స్త్రీలింగానికి) తో కలిపి ఒకే మాటగా నోటికి పట్టించడం తప్ప దారి లేదు. ఇంకొకటి, జరిగినదానికీ జరగబోయేదానికీ మధ్య వాళ్లు గీసే గీత. ఆయన వచ్చినప్పుడు ఇచ్చాను, ఆయన వచ్చినప్పుడు ఇస్తాను. మనకు రెండుచోట్లా వచ్చినప్పుడే. వాళ్లకు మొదటిది కువాందో వీనో, రెండోది కువాందో వెంగా. ఇంకా జరగని పనికి క్రియ రూపమే వేరు. దీనికి నాకు రెండేళ్లు పట్టింది.

చదువు ఎక్కడ అంటే, హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండు చోట్లా బి.ఏ.లో స్పానిష్ ఓనమాలు రానివారే చేరవచ్చు. స్థాయిలను ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. ఈ కొలత యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించింది. 1991లో స్పెయిన్ ప్రభుత్వం నెలకొల్పిన సెర్వాంతెస్ సంస్థ, ఢిల్లీలోనూ కేంద్రం ఉన్నది, దెలె అనే పరీక్ష నడుపుతుంది. ఆ పత్రానికి గడువు తేదీ లేదు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులను వృత్తి స్థాయికి తేవడానికి 600 నుంచి 750 తరగతి గంటలు కేటాయిస్తుంది, ఇంటి చదువు అదనం. మన డిగ్రీలో గంటలకు కొదవ లేదు. వినడానికే కొదవ. రోజుకు అరగంట ఇంటర్నెట్లో స్పెయిన్ జాతీయ రేడియో వినండి. అర్థం కాకపోయినా వినండి. రేడియో వినే మీకు దీన్ని నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

నేను చూసినంతలో పట్టా చేతికి వచ్చేనాటికి చాలామంది నాలుగో మెట్టు, బి2 దగ్గర ఉంటారు. మాట్లాడగలరు, పత్రిక చదవగలరు. దాంతో జీతం తీసుకునే పని చేయాలంటే మరో చదువు మొదలవుతుంది. అది నిఘంటువులో లేని చదువు.

నా మొదటి పెద్ద పని ఈక్వడార్ రొయ్యల సాగు మీద ఒక నివేదిక. చెరువు అన్నచోటల్లా పిస్సీనా అని ఉంది. నిఘంటువులో పిస్సీనా అంటే ఈతకొలను. మేత అన్నచోట బాలన్సెయాదో, నిఘంటువులో సమతూకం. స్పెయిన్‌లో మేతను పియెన్సో అంటారు, ఆ రూపానికే ఆలోచిస్తున్నాను అన్న అర్థం కూడా ఉంది. వీటిని ఎలాగో దాటాను. కింతాల్ దగ్గర పడ్డాను. మన క్వింటాలే కదా, రెండు భాషల్లోనూ ఒకే మాట కదా అని ఆలోచించకుండా దింపేశాను. ఈక్వడార్‌లో కింతాల్ అంటే నూరు పౌండ్లు, సుమారు 45 కిలోలు. మనది నూరు కిలోలు. నివేదిక చదివిన ఒక రైతు, "అమ్మా, ఇంత మేత ఏ చెరువూ తినదు" అని ఫోను చేశారు. ఆయన ఆ మాట అనకపోతే ఎవరి చెరువు అడుగున కుళ్లేదో ఆ మేత. ఆ తప్పు నాది. ఇప్పుడు ఏ పత్రం వచ్చినా ముందు కొలతలు ఏ దేశానివో రాసుకున్నాకే మొదటి వాక్యం ముట్టుకుంటాను. స్పెయిన్ పత్రంలో 1.500 అంటే ఒకటిన్నర కాదు, పదిహేను వందలు. మెక్సికో పత్రంలో అదే చుక్క దశాంశం.

ఆసుపత్రిలో తప్పు జరిగితే ఫోను చేసి ఆపేవారు కూడా ఉండరు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. ఇన్‌తొక్సికాదో అన్నారు. వైద్యులు దాన్ని మత్తుమందు ఎక్కువైందని అర్థం చేసుకుని ఆ వైద్యమే చేశారు. అతనికి జరుగుతున్నది మెదడులో రక్తస్రావం. కాళ్లూ చేతులూ జీవితాంతం చచ్చుబడ్డాయి. దావాలో పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లకు తేలింది. క్యూబావారు ఆ మాట వాడేది తిన్నదో తాగినదో ఒంటికి సరిపడనప్పుడు. మన ఇళ్లలో రోజూ అనేదే, ఏదో పడలేదు అని. ఇంగ్లీషులో దానికి ఇంటాక్సికేటెడ్ అని రూపం దగ్గరి మాట ఉంది, అర్థం దగ్గరి మాట లేదు. తెలుగులో అర్థం దగ్గరి మాట ఎప్పటి నుంచో ఉంది. అందుకే నా విద్యార్థులను అమ్మమ్మల మాటలు రాసుకురమ్మనేదాన్ని. తెలుగు పలచగా ఉన్నవారి స్పానిష్ కూడా ఒకచోట ఆగిపోవడం చూశాను.

మన రాష్ట్రంలోనే ఈ రెండు భాషలూ ఎదురెదురుగా కూర్చున్న చోటు ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన విసెంతె ఫెఱ్ఱెర్ 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రారంభించారు. 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆ పేరులోనూ బండి ఱ ఉంది. యానాం మన పక్కనే 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్నా, ఫ్రెంచి మాటలు కొన్ని మన పెద్దల నోట విన్నా, స్పానిష్‌కు అలాంటి పాత చుట్టరికం డెల్టాలో లేదు. ఇప్పుడు కలుపుకోవలసిందే.

ఆ మధ్య గ్వయకీల్ నుంచి వచ్చిన ఒక రొయ్యల నిపుణుడిని ముమ్మిడివరం దగ్గర చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాను. దుబాసీని నేనే. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేను రైతు పైకి లాగారు. ఆయన "మేత మిగిలింది" అంటుంటే, వచ్చినాయన "సోబ్రో" అన్నారు. రెండూ ఒకటే మాట, ఒకేసారి. అయినా ఇద్దరికీ అనువదించి చెప్పాను. ఇంతలో గట్టు మీద కుక్క మొరిగింది. అతిథి నవ్వి, దాన్ని చూపించి "పెఱ్ఱో" అన్నారు. రైతు వెంటనే "పెఱ్ఱో" అన్నారు, ఎక్కడా తడబడకుండా, నాలుక గిర్రున తిప్పి. అతిథి ఆశ్చర్యపోయి ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను.

"నేర్చుకోవడం ఏముందమ్మా," అన్నారాయన, ట్రే తిరిగి నీళ్లలోకి దించుతూ, "గొర్రె అన్నట్టే కదా."