గడగడ చదివేస్తాడు, కానీ ఏం చదివాడు?

హాయ్ అండీ. ఈ రోజు వ్లాగ్‌లో క్లాస్‌రూమ్ కనిపించదు. మా వాడి స్కూల్‌కి పేరెంట్ వాలంటీర్‌గా వెళ్లాను కానీ, లోపల వీడియో తీయనివ్వరు. పిల్లలుంటారు కదా, అదీ న్యాయమే. కాబట్టి నేను బట్టలు మడతపెడుతూ ఉంటాను, మీరు నా సోది వినండి.

మా వాడు సెకండ్ గ్రేడ్. ఇంగ్లిష్ గడగడ చదివేస్తాడు, ఎక్కడా కూడబలుక్కోడు. నేనూ తెగ మురిసిపోయి ఆ వీడియోలన్నీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేదాన్ని. మొన్న ట్యాబ్‌లో ఓ కప్ప కథ చదివాడు. "కథేంటి నాన్నా?" అని అడిగితే, "కప్ప మీద నొక్కితే ఎగురుతుందమ్మా!" అన్నాడు. అంతే! ఆ కప్ప చెరువు వదిలి ఎందుకెళ్లిందో, మళ్లీ వచ్చిందో లేదో అయ్యగారికి అక్కర్లేదు.

నాకు టెన్షన్ పట్టుకుంది. టీచర్‌ని అడిగితే ఆవిడ ఒక లెక్క చెప్పారు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన లెక్క అది. అక్షరాలు చూసి మాటలు పోల్చుకోవడం ఒకటి, ఆ భాష వింటే అర్థం కావడం ఇంకొకటి. చదివింది అర్థం కావాలంటే ఈ రెండిటినీ హెచ్చవేయాలి, కూడితే కాదు. ఒకటి సున్నా అయితే రెండోది ఎంతున్నా జవాబు సున్నానే. మా వాడికి మొదటిది నిండుగా ఉంది. నేను చూసి మురిసిపోయింది అది ఒక్కటే.

ఇక క్లాసు సంగతి. ట్యాబ్‌లన్నీ బోర్లా పెట్టించారు. టీచర్ డాక్యుమెంట్ కెమెరా కింద కాగితం పుస్తకం పెడితే పేజీ తెర మీద పడింది. మనం చూసిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌కి అది మనవడనుకోండి. కింది వాక్యాల మీద స్టికీ నోట్ అంటించి, పైన ఒక్క వాక్యమే వదిలారు: "ఆమె గొడుగు దులిపి గుమ్మం పక్కన పెట్టింది."

"బయట ఎలా ఉంది?" అని అడిగారు.

మా వాడు టక్కున చెయ్యెత్తి, "అది రాయలేదు కదా!" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టైంది.

ఆవిడ మాత్రం, "నిజమే, రాయలేదు. మరి గొడుగు ఎందుకు దులిపింది?" అన్నారు. క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. వెనకనుంచి ఓ పాప మెల్లగా, "తడిసింది... అంటే వాన!" అంది. అప్పుడు స్టికీ నోట్ తీశారు. కింద వాన లేదు, తడిసిన బూట్లున్నాయి. పిల్లలు ఒకటే కేకలు! ఆ పదిహేను నిమిషాల్లో వాళ్లు చదివింది అర పేజీ కూడా ఉండదు.

ఆ తర్వాతే ట్యాబ్‌లు తిప్పారు. కథని ఒక్క నిమిషంలో సొంత మాటల్లో చెప్పి రికార్డ్ చేసుకోవాలి. మా వాడు తనది తనే విని, "అయ్యో, ఆమె ఎందుకు వచ్చిందో చెప్పలేదు" అంటూ ఎవరూ చెప్పకుండానే మళ్లీ రికార్డ్ చేశాడు. నేనింట్లో ఎన్నిసార్లు బతిమాలినా రెండోసారి చెప్పడే!

అంటే తప్పు ట్యాబ్‌ది కాదు, ఎగిరే కప్పది. ఎనిమిదేళ్ల లోపు పిల్లల మీద జరిగిన 39 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2021లో వచ్చింది. ఉన్న పుస్తకాన్నే తెరకెక్కించి వదిలేస్తే, కాగితం మీద చదివిన పిల్లలకే కథ బాగా అర్థమైందట. అదనపు హంగులు కథకే తోడ్పడేలా ఉంటే మాత్రం తెరదే పైచేయి.

క్విజ్ గేమ్‌ల విషయంలో కూడా నేను పప్పులో కాలేశాను. ఎంత త్వరగా నొక్కితే అన్ని పాయింట్లు. వాడు ప్రశ్న చదవకుండానే నొక్కి గెలిచేవాడు, నేను చప్పట్లు కొట్టేదాన్ని. 54 అధ్యయనాల మీద 2018లో వచ్చిన ఇంకో విశ్లేషణ చూశాను. కాగితంతో పోలిస్తే తెర మీద చదివినవాళ్లు కాస్త వెనకబడ్డారు. టైమ్ పెట్టి చదివిస్తే ఆ తేడా ఇంకా పెరిగింది. ఆ రోజే టైమర్ ఆపేశాను. మొదట్లో బోర్ అని గోల చేశాడనుకోండి.

ఇప్పుడు రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఇంగ్లిష్‌లో చదివిన కథని అమ్మమ్మకి తెలుగులో చెబుతున్నాడు. ఆవిడకి బొమ్మలు కనపడవు, కాబట్టి వదలదు: "ఎవర్రా ఆమె? గొడుగెందుకు దులిపింది?" నిన్న వీడు నడుము మీద చేతులు పెట్టుకుని, "నువ్వే చెప్పు అమ్మమ్మా, అది రాయలేదు!" అన్నాడు.