బోరు నీళ్లు మరగబెడితే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. గుంటూరులో నీళ్ల మాటెత్తితే రంగు, వాసన, ఉప్పదనం గురించే అడుగుతారు. నీళ్లలో కరిగే నత్రజని రూపమైన నైట్రేటుకు ఆ మూడూ ఉండవు. అది కలిసిన నీళ్లు గ్లాసులో తేటగా మెరుస్తుంటాయి, తాగేస్తాం.

తక్కెళ్ళపాడులో శుద్ధయి కుళాయికొచ్చే కృష్ణ నీళ్ల గురించి కాదు నా బెంగ. నదినీటిలో నైట్రేటు మామూలుగా తక్కువే. కుళాయి రాని పూట మనం ఆధారపడే బోరు గురించి. పక్కనే సెప్టిక్ ట్యాంకు, కాస్త అవతల కారే డ్రైనేజీ. ఊరు దాటితే మిరప, పత్తి చేలు. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోలు నత్రజనే. మొక్క తీసుకోగా మిగిలినదాన్ని నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. అది మట్టిని అంటుకోదు, వాన నీటితో పాటు కిందికి దిగిపోతుంది.

మూడు నెలల మనవడికి డబ్బాపాలు కలపడానికి అమ్మమ్మ బోరు నీళ్లు కళపెళా మరగబెడుతుంది. క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేటు మాత్రం ఆవిరైపోదు. లీటరుకు 45 మిల్లీగ్రాములున్న నీళ్లు ముప్పావు లీటరుకు ఇగిరితే 60 అవుతుంది! పసికందు కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మార్చేస్తుంది. నైట్రైటు తగిలిన హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేదు. పెదాలు, గోళ్లు నీలమవుతాయి. అమెరికాలోని అయోవాలో హంటర్ కోమ్లీ అనే డాక్టరు ఈ జబ్బుకూ బావి నీళ్లకూ ఉన్న సంబంధాన్ని 1945లోనే రాశారు.

ల్యాబ్ రిపోర్టు దగ్గర జాగ్రత్త. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు. కాగితం మీద 12 అని కనబడగానే హమ్మయ్య అనుకోకండి. అది మొత్తం నైట్రేటు లెక్కా, అందులోని నత్రజని ఒక్కదాని లెక్కా అని అడగండి. నత్రజని లెక్కయితే 4.43తో గుణించాలి, అంటే 53. పరిమితి దాటినట్టే. చాలామంది ఈ సంగతి చూడకుండానే రిపోర్టును ఫైల్లో పెట్టేస్తారు.

క్యాండిల్ ఫిల్టరు, యూవీ, క్లోరిన్ నైట్రేటును తీయలేవు. ఆర్వో తీస్తుంది, కానీ మెంబ్రేన్ పాతబడితే దాని పనీ తగ్గుతుంది. నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు నైట్రేటును విడిగా చూపించదు, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

పరీక్ష వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చేయించండి. బోరు ఐదు నిమిషాలు పారనిచ్చి, శుభ్రమైన సీసాలో పట్టి, ఐసు డబ్బాలో పెట్టి ఆ రోజే ల్యాబుకు ఇచ్చేయండి. ఇంట్లో ఆరు నెలల లోపు బిడ్డ ఉంటే మాత్రం రిపోర్టు వచ్చేదాకా పాలకు బోరు నీళ్లు వాడకండి.