టీటీ సూదికి చెయ్యి చాపిన వాళ్లే కోవిడ్ టీకాకి ఎందుకు ఆగారు?

నమస్తే అండీ. పోయిన వీడియో కింద అందరిదీ ఒకటే మాట, కడుపుతో ఉన్నవాళ్లు కోవిడ్ టీకా వేసుకోలేదంటే చదువు లేకే, వాట్సాప్ చూసి భయపడ్డారు అని. అవి చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నేను చెప్తున్నా వినండి, ఆ భయం వాట్సాప్ నుంచి కాదు, డాక్టర్ నోటి నుంచి వచ్చింది. రెండే రెండు మాటలు. "మీ ఇష్టం."

ఇదే ఆడవాళ్లు ధనుర్వాతం రాకుండా వేసే టీటీ సూదికి ఎప్పుడైనా ఆగారా? నెల తప్పిందని తెలియగానే ఏఎన్ఎమ్, అంటే మన ఊరి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ, కార్డు రాస్తుంది, సూది వేస్తుంది, నెల ఆగి ఇంకోటి. ఇప్పుడు దాని ప్లేస్‌లో టీడీ ఇస్తున్నారు, డిఫ్తీరియాకి కూడా పనికొస్తుంది, ఆ మార్పు జరిగిందని కూడా చాలామందికి తెలీదు, అంత నమ్మకం. అత్తగారే దగ్గరుండి తీసుకెళ్తుంది. ఎందుకంటే ఆ అత్తలు చూశారు, ఇంట్లో పురుడు, కొడవలితో బొడ్డు కోయడం, వారం తిరక్కుండా బిడ్డకి దవడలు బిగుసుకుపోయి పాలు పట్టలేక చనిపోవడం. పసిబిడ్డల ధనుర్వాతం దాదాపు పోయిందని దేశంలో మొదట తేలింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2003లో. దేశం మొత్తానికి 2015 దాకా పట్టింది. సూది ఒక్కదాని వల్లే కాదు, ఆసుపత్రి కాన్పులు కూడా పెరిగాయి, కానీ సూది వద్దన్న ఇల్లు నేనైతే చూళ్లేదు.

మరి 2021లో ఏం జరిగింది? జనవరి 16న టీకాలు మొదలు, గర్భిణులకి మాత్రం వద్దు. ఎందుకయ్యా అంటే డేటా లేదు. డేటా ఎందుకు లేదు? టీకాని ముందుగా మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్‌లో వాళ్లని తీసుకోలేదు కాబట్టి! మీరే బయట పెట్టి, మీరే లేదంటే ఎలా? ఈలోపు సెకండ్ వేవ్. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ లెక్కలో కోవిడ్ వచ్చిన గర్భిణులు, బాలింతల్లో మరణాలు మొదటి వేవ్‌లో 0.7 శాతం, రెండోదాంట్లో 5.7 శాతం. అంతా అయ్యాక, జులై 2న, ఇక వేసుకోవచ్చు అన్నారు. ఐదున్నర నెలలు వద్దు వద్దు అని తెల్లారేసరికి రమ్మంటే ఎవరొస్తారండీ?

మా వదిన ఎంటెక్ చదివింది. ఆరో నెలలో స్కానింగ్‌కి వెళ్లి అడిగింది, వేయించుకోనా డాక్టర్ గారూ అని. "గవర్నమెంట్ ఓకే అంది, మీ ఇష్టం." తల కూడా ఎత్తలేదంట. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ, "డాక్టరే గట్టిగా చెప్పలేకపోతే మనకెందుకమ్మా" అంది. తప్పేముంది అందులో? ఇష్టం అడగొద్దు అనట్లేదు నేను, అడగాలి, బలవంతంగా ఎవరూ వేయకూడదు. కానీ కోవిడ్ వస్తే నెలలు నిండకుండానే కాన్పయ్యే రిస్క్ పెరుగుతుంది, ఐసీయూ దాకా వెళ్లొచ్చు, టీకాకి మామూలుగా ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు, ఇదంతా చెప్పి కదా ఇష్టం అడగాలి! ఏమీ చెప్పకుండా మీ ఇష్టం అంటే, రేపు ఏదైనా అయితే నాకు సంబంధం లేదు అనే కదా ఆ అమ్మాయికి వినిపించేది?

ఆగస్టులో మా వీధి ఏఎన్ఎమ్ వచ్చి అరుగు మీద కూర్చుంది. వదినకి ఐరన్ మాత్రలు ఇచ్చి, "నేను వేయించుకున్నా, కడుపుతో ఉన్న మా చెల్లికీ నేనే వేశా, భయమేస్తే నేనొస్తా పద" అంది. అంతే అండీ. ఆ మధ్యాహ్నమే వెళ్లారు, మా అమ్మ కూడా వెనకాలే గొడుగు పట్టుకుని.

మీ డాక్టర్ మీకేం చెప్పారో, సరిగ్గా ఏ మాట అన్నారో కామెంట్‌లో రాయండి, ఆ మాటే కావాలి నాకు. ఆసుపత్రి పేరు వద్దు.