స్కేలు పట్టుకున్న పిల్లవాడు

(తిరుపతిలోని ఒక బీఈడీ కళాశాలలో, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లబోయే ఛాత్రోపాధ్యాయుల ముందు ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు. పేరుపేరునా చెప్పాల్సిందే, కానీ ప్రిన్సిపాల్ గారు నాకిచ్చింది ఇరవై నిమిషాలు, శాలువాకే మూడు పోయాయి. ఏమీ అనుకోకండి.

ఒక్క ఫిర్యాదు మాత్రం ముందే చెప్పేస్తాను. గ్రూప్ వర్క్ గురించి, క్లాసులో టెక్నాలజీ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తీరా వచ్చి చూస్తే ఈ హాల్లో కుర్చీలన్నీ నేలకు బోల్టులేసి బిగించి ఉన్నాయి. మెడ తిరుగుతుందే తప్ప కుర్చీ తిరగదు. మీరు వెళ్లే బడుల్లో బెంచీలైనా లాక్కోవచ్చు.

ఇందాక పరిచయంలో నన్ను 'టెక్నాలజీని ముందుగా అందిపుచ్చుకున్న టీచర్' అన్నారు. అంత లేదమ్మా. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను పంపారు. మన దేశం కేవలం చదువు కోసమని పంపిన మొదటి ఉపగ్రహం అది. అప్పుడు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఆ సాయంత్రం పిల్లల్ని గ్రౌండ్‌లో నిలబెట్టి తూర్పు వైపు చూడమన్నాను. మబ్బులు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లకు పాఠాలు చూపించడానికి మా బడికి టీవీ వచ్చింది. పాడైతే డబ్బులెవరు కడతారని హెడ్మాస్టర్ గదిలో పెట్టి తాళం వేశారు. ఆయుధపూజ నాడు మాత్రం దానికి పసుపు, కుంకుమ, పూలదండ. నవ్వకండి, ఆ బొట్టు పెట్టింది నేనే.

ఇప్పుడు తాళాలు పోయాయి. చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో గోడకు ప్యానెల్, అదే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర ఉంది, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, ఫోన్లో పాఠాల కోసం దీక్షా యాప్ ఉంది. ఆన్ చేయడం అందరికీ వచ్చు. ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టంగా ఉంది. ఒకసారి ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఒకమ్మాయి పాఠం చూడ్డానికి వెళ్లాను. తొమ్మిదో తరగతి, ఘనపరిమాణాలు. ప్యానెల్ మీద వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. ఒకే భూమి, ఒకే ఎత్తు ఉన్న శంకువుతో మూడుసార్లు నీళ్లు పోస్తే స్థూపం నిండుతుంది. పిల్లలు కిక్కురుమనలేదు. పరిశీలనకు వచ్చినవాళ్లు 'క్లాస్ కంట్రోల్ బాగుంది' అని రాసుకున్నారు. చివర్లో ఒక పిల్ల లేచి, "మేడమ్, మూడుసార్లే ఎందుకు, రెండున్నర ఎందుకు కాకూడదు?" అంది. ఎంత మంచి ప్రశ్న! మన అమ్మాయి ఏం చేసిందో తెలుసా? వీడియోను మళ్లీ మొదట్నుంచి వేసింది.

ఒక్కసారి పోయగానే ఆపి ఉంటే? ఇంకా ఎన్నిసార్లు పడుతుందో ఎవరికి వాళ్లు నోట్‌బుక్‌లో రాయండి, పక్కవాళ్లది చూడొద్దు అని ఉంటే? సగం మంది ఇంకొక్కసారి చాలని రాసేవాళ్లు. తప్పు రాసినవాడికి తర్వాత ఏమవుతుందో చూడాలని ఉంటుంది. ఏమీ రాయనివాడికి అది టీవీయే.

ఐదు పాయింట్లు రాసుకొచ్చాను. రెండోదానికే టైమ్ అయిపోయేలా ఉంది. మిగతావి వదిలేస్తాను. నిజానికి నేను వచ్చింది ఒక పిల్లవాడి సంగతి చెప్పడానికి.

చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్, ఎనిమిదో తరగతి. గ్రూపులు చేయమని ట్రైనింగ్‌లో చెప్పారు, చేశాను. మల్లె, మందారం, చామంతి అని పేర్లు, గ్రూపుకొక లీడర్, చార్టులు, స్కెచ్ పెన్నులు. తనిఖీకి వచ్చినవాళ్లు ఫొటోలు కూడా తీసుకున్నారు. ఏడాది చివర్లో మందారం గ్రూపులో పిల్లవాణ్ని మాటల్లో అడిగాను, "ఈ ఏడు గ్రూపులో నువ్వేం చేశావురా?" అని.

"స్కేలు పట్టుకుంటా మేడమ్."

లీడర్ చార్టు మీద గీత గీస్తుంటే స్కేలు కదలకుండా వీడు రెండు వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. జూన్ నుంచి మార్చి దాకా లెక్కల గ్రూపులో వాడి పని అదే. గర్వంగానే చెప్పాడు, ఒక్క గీత కూడా వంకర పోలేదని. స్టాఫ్ రూమ్ గోడకున్న చార్టులు వెళ్లి చూశాను. నిజమే, ఒక్కటీ వంకర లేదు.

మిమ్మల్ని అడుగుతాను. మీ గ్రూప్ ప్రాజెక్టుల్లో స్కేలు పట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. నిజం చెప్పండి. ... ఓహో. ప్రిన్సిపాల్ గారూ, మీరు లెక్కపెట్టుకోకండి.

1971లో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో, అప్పుడప్పుడే నల్లజాతి, తెల్లజాతి, హిస్పానిక్ పిల్లలు ఒకే క్లాసులో కూర్చోవడం మొదలైంది. అన్నీ గొడవలే. ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇప్పించాడు. అన్ని గ్రూపుల్లో ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు ఒకచోట కూర్చుని నేర్చుకోవాలి, తర్వాత ఎవరి గ్రూపుకు వాళ్లు వెళ్లి చెప్పాలి. మీరు జిగ్‌సా అని రెండు మార్కులకు బట్టీపట్టింది ఇదే. నా ముక్క నీ దగ్గర లేదు, నన్ను అడగక నీకు గతి లేదు. అంతే అందులో కిటుకు.

మరుసటి ఏడాది కూడా వాళ్లకు లెక్కలు నేనే. శాతాలు గుర్తు చేయాలి. గ్రూపుకు నలుగురు, నాలుగు చీటీలు. ఒకదాంట్లో ఆరు టన్నుల తోతాపురి మామిడికాయలు. ఇంకోదాంట్లో టన్ను 10,000 రూపాయలు. మూడోదాంట్లో కోతకూలి, ట్రాక్టర్ బాడుగ కలిపి 9,000. నాలుగోదాంట్లో మండీ కమిషన్ 8 శాతం. చీటీ చూపించకూడదు, నోటితోనే చెప్పాలి. రైతు చేతికి ఎంత వస్తుంది? అన్ని గ్రూపులూ 46,200 అన్నాయి. ఒక్క గ్రూపు మాత్రం ఆగిపోయింది. లీడర్ పిల్ల చిరాకు పడుతోంది. కమిషన్ చీటీ పట్టుకుని మన స్కేలు పిల్లవాడు అడ్డం తిరిగాడు.

"తరుగు ఏది మేడమ్?"

"ఏం తరుగురా?"

"మా నాయనతో మండీకి పోతా కదా. టన్నుకు యాభై కిలోలు తరుగు తీసేస్తారు."

నాకు తట్టనే లేదు. వాడినే బోర్డు దగ్గరికి పిలిచాను. ఆరు టన్నులకు 300 కిలోలు పోయాయి. మిగిలింది 5,700 కిలోలు, అంటే 57,000 రూపాయలు. కమిషన్ 4,560, ఖర్చు 9,000 తీసేస్తే 43,440. తేడా 2,760 రూపాయలు. ఆ డబ్బు ఎవరికి పోయిందని క్లాసంతా ఒకటే గొడవ. తర్వాతి పీరియడ్ సోషల్ సార్‌ది. ఆయన గుమ్మంలో నిలబడి కాసేపు విన్నారు. ఆయనా రైతు బిడ్డే. యాభై ఏంటి మేడమ్, వంద తీసేవాళ్లూ ఉన్నారని లోపలికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

ఆ రోజు మా గదిలో ప్యానెల్ లేదు. ఇప్పుడైతే దానిమీద ఖాళీ పట్టిక పెట్టి, ఒక్కో గ్రూపు నుంచి అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లలతోనే నింపిస్తాను. లీడర్లు కుర్చీల్లోనే ఉంటారు.

టెక్సస్ దాకా వెళ్లొచ్చాను గానీ, పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఉంది. పల్లెల్లో ఒకే గదిలో అన్ని తరగతులూ కూర్చునే బడుల కోసం అభ్యసన కార్డులు, ఏ కార్డు తర్వాత ఏది చేయాలో మెట్టుమెట్టుగా చూపే 'నిచ్చెన' పటం తయారుచేశారు. ఒక గ్రూపు టీచర్ దగ్గర, ఇంకో గ్రూపు తోటి పిల్లల దగ్గర, మరో గ్రూపు సొంతంగా నేర్చుకుంటుంది. తమిళనాడు ఆ పద్ధతిని చూసి తన బడుల్లోకి తీసుకుపోయింది. మనం మాత్రం టెక్సస్ పేరు చెబుతాం. నేనూ ఇప్పుడే చెప్పాను కదా! వీలైతే ఇంటర్న్‌షిప్ మొదలయ్యేలోపు ఒకసారి వెళ్లి చూసి రండి. బస్సు ఖర్చే.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. సరే, ప్రశ్నలు అడగండి. ముందు వరుసవాళ్లు కాస్త ఆగండి నాయనా, మీరు ఎలాగూ అడుగుతారు. ఆ చివర, ఫ్యాన్ కింద కూర్చున్న పచ్చ చుడీదార్ అమ్మాయీ, నువ్వేనమ్మా. ఇందాకట్నుంచి ఏదో రాసి కొట్టేస్తున్నావు. మైకు అక్కడికి ఇవ్వండి.