కోడ్ ఏఐ రాసింది, సరే. అర్థమైంది ఎవరికి?

[తెర మీద: కోడ్ ఎడిటర్. ఒక్క లైను కామెంట్ టైప్ చేయగానే దాని కింద బూడిద రంగులో మొత్తం ఫంక్షన్ ప్రత్యక్షమవుతుంది.]

ఈ బూడిద రంగు అక్షరాలు చూసి ట్యాబ్ నొక్కడం చాలామంది ప్రోగ్రామర్ల వేళ్లకు అలవాటైపోయింది. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అనే కోడ్ రాసే ఏఐ ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు ఇదో వింత. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ వింత కాస్తా మామూలైపోయింది. ఇప్పుడైతే ఫైళ్లు తనే తెరిచి, మార్చి, కోడ్ సరిగ్గా ఉందో చూసే టెస్టులు కూడా తనే నడుపుకునే ఏఐ ఏజెంట్లు ఉన్నాయి. వీటి మీద భయపెట్టే వీడియోలూ, భజన చేసే వీడియోలూ బోలెడు. ఇక్కడ ఆ రెండూ ఉండవు. రోజూ దీనితో పనిచేసే ఇంజినీరుకు ఎక్కడ హాయిగా ఉంటుంది, ఎక్కడ మనసు పీకుతుంది, అది చూద్దాం.

ముందు హాయి సంగతి.

"ఈ లాగ్ ఫైల్‌లో ఏ రోజు ఎన్ని ఎర్రర్లు వచ్చాయో లెక్కపెట్టు" అని మామూలు మాటల్లో అడిగితే చాలు, రెజెక్స్‌తో (పాఠంలో నమూనాలు వెతికే గజిబిజి సూత్రం) సహా స్క్రిప్ట్ వచ్చేస్తుంది. రెజెక్స్ రాయడమంటే ఇష్టమని చెప్పే మనిషి నాకింకా తారసపడలేదు. టెస్ట్ డేటా తయారీ, ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌లో ఏముందో చెప్పడం, పొడుగాటి ఎర్రర్ మెసేజ్‌లో అసలు విషయం ఏ లైనులో ఉందో చూపించడం... ఇవన్నీ చేసిపెడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం వేరే. సిగ్గుపడకుండా అడగొచ్చు. ఏళ్ల తరబడి అనుభవం ఉన్నాక "రీబేస్‌కీ మెర్జ్‌కీ తేడా ఏంటి?" (రెండూ కోడ్ మార్పుల్ని కలిపే పద్ధతులే) అని టీమ్‌లో అడగాలంటే నోరు రాదు. ఇక్కడ అడగొచ్చు. బుర్రకెక్కకపోతే మళ్లీ అడగొచ్చు. "నిన్ననేగా చెప్పాను" అని విసుక్కోదు.

[తెర మీద: ఒక వాక్యం చిన్న ముక్కలుగా విడిపోతుంది. చివరి ముక్క పక్కన, తర్వాత రాగల ముక్కలూ వాటి శాతాలూ.]

మరి అనుమానం దేనికి? అది తెలియాలంటే లోపల జరిగేది కొంచెం చూడాలి. ఈ ఏఐ మోడల్ వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా చూస్తుంది. ఇప్పటిదాకా వచ్చిన ముక్కల్ని బట్టి తర్వాత ఏది రావడానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి ఒకటి ఎంచుకుంటుంది. మళ్లీ లెక్క, మళ్లీ ముక్క. లెక్కలేనంత కోడ్ మీద శిక్షణ పొందింది కాబట్టి, అందరూ రాసే కోడ్ బ్రహ్మాండంగా రాస్తుంది. ఎవరూ పెద్దగా రాయనిది అడిగినా అంతే ధీమాగా రాస్తుంది. చిక్కంతా ఆ ధీమాతోనే.

ఉదాహరణకి, ఒక పని కోసం ఏ లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ ప్యాకేజీ) వాడాలని అడిగారు. అది ఒక పేరు చెప్పింది. పేరు చూస్తే నిజంగానే ఉండి ఉంటుందనిపిస్తుంది. వెతికితే అలాంటి ప్యాకేజీయే లేదు. లేకపోతే ఇన్‌స్టాల్ కాదు, అంతే కదా అనుకోవచ్చు. కానీ మోడళ్లు కొన్నిసార్లు అదే తప్పుడు పేరును పదేపదే చెబుతాయి. ఆ పేరు కనిపెట్టిన దొంగ, దాని మీదే ఒక ప్యాకేజీ రిజిస్టర్ చేసి లోపల హానికరమైన కోడ్ పెట్టొచ్చు. అప్పుడు ఇన్‌స్టాల్ చక్కగా అవుతుంది! దీనికి స్లాప్‌స్క్వాటింగ్ అని పేరు కూడా పెట్టేశారు.

ఇంకోటి, రోజువారీ బాపతు. ఫెయిలవుతున్న టెస్టును సరిచేయమని ఏజెంట్‌కి అప్పగిస్తే, ఒక్కోసారి కోడ్ జోలికి పోకుండా టెస్టులో రావాల్సిన జవాబునే మార్చేస్తుంది. తెర మీద అంతా పాసైనట్టు పచ్చగా ఉంటుంది, బగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఏజెంట్ ఇచ్చిన మార్పుల్లో నేను ముందు చూసేది టెస్ట్ ఫైళ్లనే.

[తెర మీద: మూడు అంకెలు, ఒకదాని తర్వాత ఒకటి: 24, 20, 19.]

ఇక వేగం. ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో ఒక అధ్యయనం బయటపెట్టింది. 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లు, తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. కొన్నిటికి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి కూడదు. ఏఐతో 24 శాతం తక్కువ సమయం పడుతుందని వాళ్లు ముందు అంచనా వేశారు. పని అయ్యాక, 20 శాతం తగ్గిందని అన్నారు. కొలిచి చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది.

దీన్ని పట్టుకుని ఏఐ దండగ అనేయకూడదు. ఉన్నది 16 మందే, ప్రాజెక్టులు వాళ్లకు కొట్టినపిండి, పరికరాలు 2025 మొదట్లోవి. నన్ను ఆలోచనలో పడేసింది ఆ 19 శాతం కాదు, తమ పని తామే చేసి కూడా గడియారాన్ని ఇంత తప్పుగా అంచనా వేయడం. నాకు తోచిన కారణం ఇది: టైపింగ్ తగ్గితే ఒళ్లు అలవదు, అలవకపోతే తొందరగా అయినట్టే ఉంటుంది. జవాబు కోసం ఎదురుచూసిన సమయం, వచ్చింది చదివి సరిచేసిన సమయం లెక్కలోకి రావు.

"ఫోర్‌ట్రాన్ కంపైలర్ వచ్చినప్పుడూ ఇలాగే సందేహించారు" అని కొందరంటారు. మనం రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రభాషలోకి మార్చేదే కంపైలర్; ఇది 1957 నాటి మాట. పోలిక బాగానే ఉంది గానీ పూర్తిగా అతకదు. కంపైలర్ ఏం చేయాలో భాష నియమాలు చెబుతాయి. తేడా వస్తే అది కంపైలర్ బగ్. ఇక్కడ అడిగిందే మళ్లీ అడిగితే వేరే కోడ్ రావచ్చు, రెండూ మన వాక్యానికి సరిపోవచ్చు కూడా.

[తెర మీద: "1985, పీటర్ నౌర్"]

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసంలో వాదించింది ఇక్కడ పనికొస్తుంది. ప్రోగ్రామ్ అంటే ఫైళ్లలో ఉన్న పాఠం కాదు, దాన్ని కట్టినవాళ్ల బుర్రల్లో ఉన్న అవగాహన అన్నాడాయన. ఈ చెక్ ఇక్కడే ఎందుకుంది, ఆ టేబుల్‌ని రెండుగా ఎందుకు విడగొట్టారు, ఏ మార్పు చేస్తే ఏది కూలుతుంది... ఇదీ ఆ అవగాహన. అది తెలిసినవాళ్లు వెళ్లిపోతే, కోడ్ నడుస్తున్నా ప్రోగ్రామ్ చచ్చినట్టేనట.

ఏఐతో కొత్తగా ఏమొచ్చిందంటే, ఆ అవగాహన మొదటి రోజునుంచే ఎవరి బుర్రలోనూ లేని కోడ్ ప్రొడక్షన్‌కి, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌లోకి, వెళ్లిపోవచ్చు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే టెన్షన్ పడుతూ లేచే మనిషికి, తన పేరు మీదున్న కోడే కొత్తగా కనిపిస్తుంది. చిన్న చిన్న బగ్గులతో కుస్తీ పట్టే నేర్చుకోవాల్సిన జూనియర్ల సంగతి ఇంకా కష్టం. ఆ కుస్తీయే ఇప్పుడు లేకుండా పోతోంది.

నా వరకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. మెర్జ్ చేసే ముందు చాట్ మూసేసి, ఈ మార్పు ఏం చేస్తుందో, ఎందుకిలా చేశామో నా మాటల్లో రాస్తాను. ఆ వివరణ మాత్రం ఏఐతో రాయించను. రాయలేకపోతే మెర్జ్ చేయను. రిలీజ్ రోజున ఇది చిరాగ్గానే ఉంటుంది. ఒక్కసారి వాడి పారేసే స్క్రిప్టులకు ఈ నియమం లేదు, అవుట్‌పుట్ సరిగ్గా ఉంటే చాలు. లాగిన్, చెల్లింపులు, డేటా డిలీట్ చేసే కోడ్ అయితే మాత్రం లైను లైనూ చదవాల్సిందే, ఎవరు రాసినా.